విరిగిన పుల్ల

పెద్ద సమస్యల మీద రాయమని మీలో కొందరు ఉత్తరాలు రాస్తుంటారు. ఈ వారం మాత్రం ఓ సైకిల్ పుల్ల గురించి రాస్తాను, క్షమించాలి. సంక్రాంతి నుంచి అది నా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. తీసి బయట పెడితే గాని మరో విషయం మీదికి కలం సాగేటట్టు లేదు.

జరిగింది ఇంతే. పండుగ సెలవులకు అక్క వాళ్లింటికి గోదావరిఖని వెళ్లాను. బావ సైకిల్ మీద అక్క మనవరాలిని కూర్చోబెట్టుకొని గోదావరి చూపించడానికి బయలుదేరాను. దారిలో వెనక చక్రం పుల్ల ఒకటి విరిగింది. విరిగిందని తెలిసి కూడా ఆగలేదు. వెళ్లాం, చూశాం, తిరిగొచ్చాం. పిల్లకు చిన్న గీత కూడా పడలేదు. ఎవరికీ ఏమీ కానప్పుడు అందులో తప్పేముంది అని మీరడగవచ్చు. నేనూ మొదట అదే అడుక్కున్నాను.

అక్క వాళ్లుండేది యైటింక్లయిన్ కాలనీ పక్కన. ఎనిమిదో ఇంక్లయిన్ అనే బాయి పేరే జనం నోట నలిగి ఊరి పేరయింది. బావ టింబర్‌మన్‌గా చేరి, పరీక్ష రాసి సర్దారు అయి, ముప్పై ఏళ్లు దాటిన సర్వీసుతో దిగిపోయారు. అక్కడ ఎవరూ రిటైరయ్యాడనరు, దిగిపోయాడంటారు. బొగ్గుబాయిలోకి పోవడమూ దిగడమే, ఉద్యోగంలోంచి బయటికి రావడమూ దిగడమే. ఈ మాట విన్నప్పుడల్లా నాకు వింతగా ఉంటుంది. ఆయన సైకిల్ కూడా ఆయనతో పాటే దిగిపోయింది. మొదటి షిఫ్టుకూ, రెండో షిఫ్టుకూ, రాత్రి షిఫ్టుకూ ఆయన్ని మోసి, హ్యాండిల్‌కు టిఫిను డబ్బా తగిలించుకుని, బాయి దగ్గరి స్టాండులో వందల సైకిళ్ల మధ్య ఎండకు ఎండి, వానకు తడిసిన బండి. ఇప్పుడు పిల్లలందరికీ మోటారు సైకిళ్లున్నాయి. అది వరండాలో గోడకు ఆనుకుని ఉంటుంది. ఆయన మాత్రం వారానికోసారి గుడ్డతో తుడుస్తారు, నూనె చుక్కలు వేస్తారు.

సంక్రాంతి పొద్దున చలి బాగా ఉంది. ఏడేళ్ల పిల్ల హైదరాబాదు నుంచి వచ్చింది. దానికి గోదావరి అంటే బడి పుస్తకంలో గీత. "తాతా, గోదారి చూపిస్తనన్నవు గదా" అని రాత్రి నుంచే నా పంచె పట్టుకుని తిరుగుతోంది. బావ సైకిల్ బయటికి తీసి టైర్లు నొక్కి చూసి, "సారూ, గాలి మంచిగనే ఉంది. నెమ్మదిగ తొక్కు, అది ముసల్ది" అన్నారు. నేను బడిపంతులుగా చేసినవాణ్ణి కనుక ఆయన నన్ను బామ్మర్దీ అని పిలవరు, సారూ అంటారు. అందులో గౌరవం ఎంతో, వెక్కిరింత ఎంతో ఇన్నేళ్లయినా నేను తేల్చుకోలేదు.

గోదావరిఖని ప్రధాన చౌరస్తా దాటి గంగానగర్ వైపు తిరిగాక వెనక నుంచి 'టంగ్' అని చప్పుడు వినిపించింది. దిగి చూశాను. హబ్బు దగ్గర, పుల్ల వంపు తిరిగే చోట తెగిపోయి వేలాడుతోంది. దాన్ని పక్క పుల్లకు చుట్టేశాను. నాలుగు అడుగుల్లో ఒక రిపేరు దుకాణం ఉంది గాని తలుపులు మూసి ఉన్నాయి. పండుగ పూట ఎవరు తీస్తారు? ఎక్కి తొక్కితే రిమ్ము ఓ పక్కకు వంగి, తిరిగినప్పుడల్లా బ్రేకు రబ్బరుకు రాసుకుంటోంది. సర్రు, సర్రు. మళ్లీ దిగాను. బ్రేకు రబ్బరును చేత్తో పక్కకు లాగి వదులు చేశాను. చప్పుడు ఆగింది. "తాతా, సైకిల్ ఖరాబయిందా?" అంది పిల్ల. "ఒక్క పుల్లే అమ్మా, ఇంకా ముప్పై తొమ్మిది ఉన్నాయి" అన్నాను.

ఆ లెక్క తప్పు కాదు. మన ఊళ్లలో తిరిగే పెద్ద సైకిళ్లకు ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. మనిషి బరువూ, క్యారియర్ బరువూ ఎక్కువగా వెనకే పడతాయి గనుక అక్కడ ఎనిమిది ఎక్కువ. నలభైలో ఒకటి పోతే ముప్పై తొమ్మిది ఉంటాయి, నిజమే. కాని ఆ లెక్కతో నేను పిల్లకు చెప్పిన అర్థం మాత్రం అబద్ధం. ఎందుకో చెప్పడానికి చక్రం గురించి కొంచెం రాయాలి. ఓపిక పట్టండి, విషయం అక్కడే ఉంది.

ఎడ్లబండి చక్రంలో ఆకులు బరువును కింద నుంచి మోస్తాయి. ఇరుసు కింది ఆకు మీద నిలబడుతుంది, స్తంభం మీద దూలం నిలబడ్డట్టు. సైకిల్ చక్రం అలాంటిది కాదు. అంత సన్నని తీగ ఏ బరువునూ నిలబడి మోయలేదు, వంగిపోతుంది. అందుకే పుల్లలన్నిటినీ ముందే బిగించి ఉంచుతారు. ఒక్కొక్కటీ రిమ్మును హబ్బు వైపు లాగుతూ ఉంటుంది. సగం పుల్లలు ఎడమ పక్కకు, సగం కుడి పక్కకు. ఈ లాగుడు రెండు పక్కలా సమానంగా ఉన్నంత కాలం చక్రం నిటారుగా తిరుగుతుంది. బరువు పడినప్పుడు కిందికి వచ్చిన పుల్లలు కాస్త వదులవుతాయి, పైకి పోగానే మళ్లీ బిగుస్తాయి. జాబ్‌స్ట్ బ్రాంట్ అనే ఇంజనీరు 1981లో సైకిల్ చక్రం మీదే ఒక పుస్తకం రాసి ఈ సంగతి వివరించాడు. పుల్లలను హబ్బు నుంచి నేరుగా కాకుండా ఏటవాలుగా, ఒకదానిని ఒకటి దాటేటట్టు అల్లే పద్ధతికి 1874లోనే ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ పేటెంటు తీసుకున్నాడు. మన చౌరస్తాలో తిరిగే సైకిల్‌కైనా అదే అల్లిక.

మన సైకిల్ చక్రం చుట్టుకొలత సుమారు రెండుంపావు మీటర్లు. అంటే కిలోమీటరుకు అది దాదాపు 450 సార్లు తిరుగుతుంది. ప్రతి పుల్లా 450 సార్లు వదులై 450 సార్లు బిగుస్తుంది. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచితే చివరికి తెగుతుంది చూడండి, అలా ఏళ్ల తరబడి అలసి అలసి ఒకరోజు ఆ వంపు దగ్గర తెగుతుంది. గుంటలో పడినందుకే తెగాలని లేదు. మామూలు రోడ్డు మీదా తెగుతుంది.

ఒకటి తెగితే దాని వంతు నలభైలో ఒక వంతుగా అందరికీ సమానంగా పంచబడదు. దాని పక్కవాటి మీదే ఎక్కువ పడుతుంది. ఎదుటి పక్క పుల్లలకు పోటీ తగ్గి రిమ్మును తమ వైపు గుంజేస్తాయి, చక్రం వంకర తిరుగుతుంది. పైగా పక్కవి కూడా అదే వయసువి, అంతే దూరం తిరిగినవి, అంతే అలసినవి. కనుక మిగిలిన ముప్పై తొమ్మిది అనే మాటలో ధైర్యం తెచ్చుకోవలసినదేమీ లేదు. మన ఇళ్లల్లోనూ ఈ లెక్కే నడుస్తుంటుంది. తండ్రి తాగుడులో పడి సంసారం వదిలేస్తే, "తల్లి ఉంది గదా, పెద్ద పిల్ల ఉంది గదా, నడుస్తూనే ఉంది గదా" అంటారు ఇరుగు పొరుగు. నడుస్తూనే ఉంటుంది. ఆ పెద్ద పిల్ల చదువు ఎక్కడ ఆగిందో మాత్రం ఎవరూ అడగరు.

సరే, నా సంగతికి వస్తాను. ఆ రోజు నేను ఆగలేకపోయానా? జేబులో ఫోను ఉంది. బావకు ఒక మాట చెబితే ఎవరినైనా పంపేవారు. జేబులో డబ్బుంది, రోడ్డు మీద ఆటోలున్నాయి. సైకిల్ ఎవరింటి ముందో పెట్టి ఆటోలో గోదావరికి పోవచ్చు. ఇవేవీ చేయలేదు. కారణం పెద్దదేమీ కాదు. సెలవు. అనుకున్నట్టే జరగాలని మనం పట్టుబట్టే రోజు. పని రోజున ఏదైనా చెడితే చేతులు దులుపుకుని ఆగిపోతాం. సెలవు రోజున మాత్రం, ఆగితే ఏ నష్టమూ లేకపోయినా ఆగబుద్ధి కాదు.

అక్కడి కార్మికులు వారపు సెలవును ప్లే డే అంటారు. వారంలో ఆరు రోజులకు మించి గనిలో ఎవరి చేతా పని చేయించరాదని 1952 నాటి గనుల చట్టం 28వ సెక్షన్ చెప్పేది. మన ద్వితీయోపదేశ కాండములో విశ్రాంతి దినం ఆజ్ఞ అంతకు ఎన్నో వందల ఏళ్ల కింద రాసినది. అందులో యజమానికే కాదు, దాసదాసీలకూ, ఎద్దుకూ, గాడిదకూ కూడా విశ్రాంతి ఉంది. సైకిల్‌కు ఉందని నేననను, నవ్వుతారు. కాని ఆ ఆజ్ఞలో ఒక మెలిక గమనించండి. నా విశ్రాంతి మరొకరి వీపు మీద జరగకూడదు. ఆ పొద్దు నా సంతోషం ఆ పిల్ల వీపు మీద జరిగింది. ప్రమాదం ఉందని తెలిసినది నాకు, క్యారియర్ మీద కూర్చున్నది అది. ఒప్పుకుంటావా అని దాన్ని ఎవరూ అడగలేదు. అడిగినా ఏడేళ్ల పిల్ల ఏం చెబుతుంది?

క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణిత శాస్త్రవేత్త 1877లో రాసిన ఒక వ్యాసం ఇక్కడ గుర్తొస్తుంది. ఆయన మతాన్ని నమ్మినవాడు కాదు. అయినా ఆయన చెప్పిన కథ మనలాంటివారు వినదగినదే. ఓడ యజమాని ఒకడు పాత ఓడను వలస పోయే కుటుంబాలతో నింపి సముద్రం మీదికి పంపబోతాడు. ఓడ పాతదనీ, మరమ్మతు చేయించాలనీ అతనికి అనుమానం వస్తుంది. ఇన్నిసార్లు పోయి వచ్చింది గదా అనుకుంటాడు, దేవుడు ఆ కుటుంబాలను కాపాడకుండా ఉంటాడా అనుకుంటాడు. అనుమానాన్ని అలా నిద్రపుచ్చి నిండు మనసుతో ఓడను సాగనంపుతాడు. ఓడ మునుగుతుంది, అతను బీమా డబ్బు తీసుకుంటాడు. అతను దోషి అనడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. క్లిఫర్డ్ అక్కడ ఆగడు. ఆ ఓడ క్షేమంగా తిరిగి వచ్చిందనుకోండి, అప్పుడు దోషం తగ్గుతుందా అంటాడు. రవ్వంత కూడా తగ్గదు, అతని తప్పు బయటపడలేదు, అంతే అని ఆయన తీర్పు.

ఇది చదివిన రోజుల్లో నాకు చాలా కఠినంగా తోచింది. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేను. పిల్ల పడిపోయి చెయ్యి విరిగి ఉంటే అక్క నన్ను చూసే చూపు వేరుగా ఉండేది. నా నిద్ర కూడా వేరుగా ఉండేది. చేసింది ఒకటే అయినా, జరిగింది వేరైతే లోకం వేరుగా తూకం వేస్తుంది. ఒకే రకంగా అజాగ్రత్తగా లారీ నడిపిన ఇద్దరిలో ఒకడికి రోడ్డు ఖాళీగా దొరుకుతుంది, మరొకడికి మనిషి అడ్డు వస్తాడు. ఒకడు ఇంటికి, ఒకడు జైలుకి. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నాగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు ఈ చిక్కు మీదనే జంటగా వ్యాసాలు రాశారు. అదృష్టానికి నీతిలో చోటు ఉండకూడదని మన బుద్ధి అంటుంది, ఉన్నట్టే మనం బతుకుతాం. లోకం తూకం వేసే పద్ధతిని నేను మార్చలేను. కాని నన్ను నేను తూచుకునేటప్పుడు అదృష్టాన్ని కూడా తక్కెడలో వేసుకుంటే అది దొంగ తూకమే గదా!

మరి విరిగిన పుల్లతో తొక్కేవాళ్లందరూ దోషులేనా? కాదు. ఇది గట్టిగా చెప్పాలి, లేకపోతే పేదవాడి మీద రాయి వేసినట్టవుతుంది. ఓపెన్ కాస్టులో కాంట్రాక్టు పనికి పోయేవాడు తెల్లవారుజామున పుల్ల విరిగిందని ఆగితే ఆ రోజు మస్టరు పోతుంది, ఇంట్లో పొయ్యి సంగతి చూసుకోవాలి. వాడు తొక్కుతాడు. వాడి మీద ఉన్న ఒత్తిడి నా మీద లేదు. ఆ పొద్దు నేను పొరపాటున వాడి ధైర్యాన్ని అరువు తెచ్చుకున్నాను. పేదవాడు గతిలేక చేసేదాన్ని మనం సరదాకు చేసి, "మా ఊళ్లో అందరూ ఇలాగే తొక్కుతారు" అని గొప్పగా చెప్పుకుంటాం.

పునీత తోమాసు అక్వినాసు వివేకాన్ని ఎనిమిది భాగాలుగా విడగొట్టి చెప్పాడు. జ్ఞాపకం, ముందుచూపు, చుట్టూ చూడడం, జాగ్రత్త అందులో ఉన్నాయి. నా దగ్గర జ్ఞాపకం ఉంది, ఇన్నేళ్లూ ఈ సైకిల్ ఎవరినీ పడేయలేదన్న జ్ఞాపకం. మిగిలినవాటిని ఆ ఒక్క జ్ఞాపకంతో కప్పేశాను.

గోదావరి దగ్గర పిల్ల చాలా సంతోషపడింది. జనవరిలో నీళ్లు మధ్యకు జరిగి ఇసుక తేలి ఉంది. అది చెప్పులు విడిచి పరుగెత్తింది. ఇంతేనా గోదారి అనలేదు, ఇంతుందా అంది. ఇది కూడా రాయాలి. ఆగిపోయి ఉంటే ఆ పొద్దు అది ఉండేది కాదని నా మనసు ఇప్పటికీ వాదిస్తుంటుంది. ఆటోలో పోయినా ఉండేదని జవాబు. కాని వాదన ఆగదు.

తిరుగు ప్రయాణంలో చౌరస్తాకు ముందు, లారీల మధ్య, మళ్లీ 'టంగ్' అంది. పాఠకులారా, ఇదంతా ఈ ఒక్క వాక్యం కోసమే రాస్తున్నాను. ఆ చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. వినిపించగానే నేను పిల్లతో "అమ్మా, బడిలో నేర్చుకున్న పాట పాడు, గట్టిగా" అన్నాను. అది పాడింది. ఇల్లు చేరేదాకా నేను పాట విన్నాను. ఆ పాట ఆపమని మాత్రం ఒక్కసారీ అనలేదు.

ఇంటికి వచ్చాక బావ ఏమీ అనకుండా సైకిల్ తలకిందులు చేసి నిలబెట్టారు. చక్రం తిప్పి, ఒక్కొక్క పుల్లనూ గోటితో మీటుతూ వచ్చారు, తంబుర తీగలు మీటినట్టు. బిగువుగా ఉన్నది ఒక రకంగా మోగుతుంది, వదులైనది మరో రకంగా. బాయిలో సర్దారు చేసేది ఇదే. కర్రతో పైకప్పును కొట్టి వింటాడు. గట్టిగా ఉన్న కప్పు ఖణేల్‌మంటుంది, లోపల పొర విడిచిన కప్పు డొల్లగా పలుకుతుంది. పలికితే మనుషుల్ని అక్కడి నుంచి పంపేసి, ఆ చోటుకు కంచె కట్టాలి. ఆ తర్వాతే మిగతా మాట. "కట్టె దిమ్మె ఉన్నప్పుడు మంచిగుండె సారూ. కట్టె మాట్లాడుతది. విరిగే ముందు కిర్రు కిర్రుమంటది. ఇనుము మాట్లాడది" అని బావ ఎప్పుడో అన్నారు. టింబర్‌మన్లందరూ ఈ మాట చెబుతారు. బొగ్గుబాయిలో బతికి బయటపడ్డ ప్రతివాడి వెనకా ఎవరో ఒకరు విన్న చప్పుడు ఉంటుంది.

అన్ని ప్రమాదాలూ చెప్పి రావు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకువచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ రోజు బాయి ముందు నిలబడ్డ వాళ్లలో బావ ఒకరు. దాని గురించి ఆయన మాట్లాడరు, నేనూ అడగను. అటువంటి చోట ముప్పై ఏళ్లు చెవులతో బతికిన మనిషి సైకిల్ మీద, చెవులు మూసుకుని తిరిగి వచ్చాను నేను.

మీటడం అయిపోయాక బావ మూడు పుల్లలు లాగి నేల మీద పెట్టారు. మూడోది ఎప్పుడు పోయిందో నాకు నిజంగా తెలియదు, పాటలో కలిసిపోయి ఉంటుంది. వదులు చేసిన బ్రేకు రబ్బరును కూడా చూశారు. తలెత్తి, "చప్పుడొచ్చిందా సారూ?" అన్నారు.

"వచ్చింది బావా."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి" అన్నాను.

అరవై దాటిన మనిషిని, బడిలో పిల్లలకు నీతి పాఠాలు చెప్పినవాణ్ణి. నోటికి అంత తేలికగా వచ్చింది. మొదటి పుల్ల దగ్గర చేసినది తొందరపాటు అనుకుందాం. పాట పాడించింది భయం. ఇది మాత్రం దేని కింద రాయాలో తెలియడం లేదు. ఒకటి విరిగాక పక్కది ఎంత త్వరగా విరుగుతుందో పైన అంత వివరంగా రాశాను గదా.

బావ మరేమీ అడగలేదు. లోపల అక్క పిల్ల తల దువ్వుతోంది. అది అమ్మమ్మతో గోదారి గురించి, ఇసుక గురించి చెబుతూ చెబుతూ, "తాత సైకిల్ రెండుసార్లు టంగ్ అంది అమ్మమ్మా" అంటోంది. వరండాలోకి ఆ మాట స్పష్టంగా వినిపించింది. బావకూ వినిపించి ఉండాలి. ఆయన గుడ్డ తీసుకుని గొలుసు తుడవడం మొదలుపెట్టారు.

కనుమ దాటాక దుకాణం తెరిచారు. నేనే సైకిల్ నడిపించుకుంటూ తీసుకుపోయాను. మేస్త్రీ చక్రం విప్పి, ఫ్రీవీల్ ఊడదీసి, నేను మూడు పుల్లలు వెయ్యమంటే ఒప్పుకోలేదు. ఇవి పోయినయంటే వీటి పక్కవి కూడా పోతయి, ఇయ్యాల కాకుంటే రేపు, అన్నిటినీ మార్చాల్సిందే అన్నాడు. నలభై పుల్లలూ కొత్తవి వేసి, ఒక్కొక్కటి బిగిస్తూ, వదులు చేస్తూ, చక్రం తిప్పి చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. నేను పక్కన బల్ల మీద కూర్చున్నాను. తీసేసిన పుల్లల్లో ఒకదాన్ని అడిగి తెచ్చుకున్నాను.

సాయంత్రం బావకు సైకిల్ అప్పగించి, "ఆ రోజు రెండుసార్లు వినిపించింది బావా" అన్నాను. ఆయన చక్రం ఒకసారి తిప్పి, చెవి దగ్గర పెట్టి విన్నారు. "ఎరుకే" అన్నారు.